చలిరోజు బాకీ

జనవరి తొమ్మిది, శుక్రవారం. రెండు విడతల బట్టలు ఉతికి ఆరేశాను. ఇడ్లీకి మినప్పప్పు నానబోశాను. బాల్కనీలో ఇసుక ఊడ్చి తడిగుడ్డ పెట్టాను. చింతపండు గింజలు తీసి జాడీకెత్తాను. గ్యాసు బండ మార్పించాను. పొయ్యి మీద పాలు పెట్టి ఉండగా ఫోను మోగింది. పైఇంటి అక్క పోయింది.

చేసిన పనులు ఏ రోజుకారోజు రాసిపెట్టుకోవడం నాకు పెళ్ళయిన నాటి నుంచీ అలవాటు. ఆ రోజు వరస అక్కడితో ఆగింది. పాలు పొంగి పొయ్యంతా మాడాయి. పప్పు రుబ్బలేదు. మర్నాడు మూత తీస్తే పులిసిన వాసన.

ఫోను చేసింది పై ఫ్లాట్‌లో ఆవిడతో కలిసి ఉండే చిన్న నర్సు. "ఆంటీ, అక్క డ్యూటీ దిగి బట్టలు మార్చుకుంటా అలా కూలబడిపోయిందండీ," అంది. "చుట్టూ అందరూ డాక్టర్లేనండీ. చెయ్యాల్సిందంతా చేసేరండీ." 

ఆవిడ పేరు ఇక్కడ రాయను. బతికుండగా నేను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు, ఇప్పుడు కొత్తగా ఎందుకు? పైఇంటి అక్క అంటే మా బిల్డింగులో అందరికీ ఆవిడే.

ఆ రోజు నుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కూర తరుగుతూ లేచి కిటికీ దగ్గరికి వెళ్తాను. ఎందుకు వెళ్ళానో తెలియక తిరిగి వచ్చి కత్తిపీట ముందు కూర్చుంటాను. సర్దిన అలమరనే మళ్ళీ సర్దుతాను. ఇది రాస్తుండగా కూడా రెండుసార్లు లేచాను. అందుకని ఈ రాతలో వరస అటూ ఇటూ అయితే చదివేవారు మన్నించాలి.

కువైట్‌లో చలేంటి అని నవ్వేవాళ్ళున్నారు. అమలాపురం దగ్గర మా పుట్టింటికి ఫోను చేసి చలేస్తోందంటే మా వదిన ఇప్పటికీ నమ్మదు. "ఎడారిలో కూర్చుని చలంటావేంటి వదినా, ఏసీ తగ్గించుకో," అంటుంది. ఎడారి కాబట్టే చలి. పగలు కాసిన ఎండను రాత్రికి పట్టి ఉంచడానికి ఇక్కడ తోటా లేదు, తేమా లేదు, మబ్బూ లేదు. డిసెంబరు నెలాఖరు నుంచి తెల్లవారుజామున నోరు తెరిస్తే పొగ వస్తుంది. వఫ్రా పొలాల్లో పనిచేసేవాళ్ళు టమాటా ఆకుల మీద తెల్లగా మంచు పేరుకుందని ఫొటోలు పంపుతారు. అదే ఆకాశం కింద పది గంటలకల్లా ఒంటిమీద స్వెట్టరు బరువైపోతుంది. ఒక రోజు దక్షిణపు గాలి తోలితే ఫ్యాను వేసుకునేంత ఉక్క. మర్నాడు గాలి ఉత్తరానికి తిరిగిందంటే ఎముకలు కొరికే చలి. ఇక్కడ చలికాలాన్ని నమ్ముకుని ఏ పనీ పెట్టుకోలేం. ఆ చలికాలాన్ని నమ్ముకునే నేనూ అక్కా నాలుగేళ్ళు పరిగెత్తాం.

మొదలు లిఫ్టులో. నేను అప్పటికి ఆవిడతో రెండు మాటలు కూడా మాట్లాడలేదు. తెల్లటి యూనిఫాం, చేతిలో టిఫిను సంచి, పొడుగు మనిషి.

"ఏమ్మా, కింద ఫ్లాటు మీదేనా?"

"అవునండి."

"తెల్లారకుండా గిన్నెలు ఎందుకమ్మా అలా సర్దుతావు? నా మంచం సరిగ్గా మీ వంటింటి మీదే. ముందు చిన్న గిన్నెలు, తరవాత బేసిన్లు, ఆఖర్ని కుక్కరు. నాకు వరస కంఠతా వచ్చేసింది."

సిగ్గుతో తల వాలిపోయింది నాకు. నిద్ర పట్టడం లేదనీ, ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు కమ్ముతున్నాయనీ, పడుకుంటే లేవాలనీ లేస్తే కూర్చోవాలనీ అనిపిస్తోందనీ చెప్పేశాను. మా ఆయనకి కూడా అంత వివరంగా చెప్పలేదు. నర్సు కదా, ఆ వయసులో ఆడవాళ్ళ ఒంటికి ఏమవుతుందో ఆవిడకి నేను చెప్పక్కర్లేదు. రక్తపరీక్షకి ఒక రోజు రమ్మంది. లిఫ్టు తలుపు తెరుచుకున్నాక వెనక్కి తిరిగి, "గిన్నెలేం పాపం చేసేయే? కాళ్ళు కదుపు. రేపు అయిదింటికి కిందకి దిగు," అంది. అప్పుడే ‘ఏమ్మా’ పోయి ‘ఏమే’ వచ్చేసింది.

మర్నాడు దిగాను. మా ఆయన జాకెట్టు, దాని కింద రెండు స్వెట్టర్లు, సల్వారు కింద ఇంకో పైజమా, తలకి మంకీ టోపీ, దాని మీద శాలువా. అక్క నన్ను చూసి మెట్ల మీద కూర్చుని మరీ నవ్వింది. "ఏంటే, మంచుకొండ ఎక్కడానికా? పద, ఒక్కోటీ వలిచెయ్యి." లిఫ్టు పక్కనే నిలబెట్టి సగం బట్టలు తీయించి, వాచ్‌మన్ బల్ల మీద పెట్టించింది. వణుకుతూ నిలబడ్డాను.

"ఆఁ, ఇప్పుడు బావుంది. బయలుదేరేటప్పుడు కొంచెం వణకాలి. గుమ్మంలోనే వెచ్చగా ఉన్నావంటే దారిలో ఉడికిపోతావు, ఆ చెమట మీద గాలి తగిలితే నీ పని అయిపోద్ది."

ఆవిడ మాటలన్నిట్లోకీ నాకు బాగా పనికొచ్చింది ఇదే. పరుగుకే కాదు, కొత్త పని ఏది మొదలుపెట్టినా నేను గుర్తు చేసుకునేది ఇదే.

పరుగు ఆవిడకి ఎక్కడ పట్టుకుందో తరవాత చెప్పింది. నరసాపురం అవతల వాళ్ళ ఊరు. చిన్నప్పుడు బడికి వెళ్ళాలంటే పంటు ఎక్కి గోదావరి దాటాలి. ఇంటిపని ముగించుకుని వచ్చేసరికి పంటు కదిలిపోతుందేమోనని రోజూ గట్టు మీద పరిగెత్తేదిట. "ఇక్కడ అందుకోవాల్సిన పంటు ఏదీ లేదే. కానీ ఆ సంగతి కాళ్ళకి తెలీదు కదా," అనేది. బయలుదేరే ముందు లిఫ్టు దగ్గర రెండు క్షణాలు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. బూట్ల తాళ్ళు రెండేసి ముళ్ళు వేసేది. నోరు మూసుకుని ముక్కుతో గాలి పీల్చమనేది, కబుర్లన్నీ తిరుగుదారికి. నాకు అదే కష్టంగా ఉండేది, చలి కాదు.

మా దారి ఫర్వానియాలో మా బిల్డింగు ముందు మొదలై దజీజ్ గోదాముల వరస చివరిదాకా వెళ్ళి వెనక్కి. వెళ్ళేటప్పుడు ఉత్తరపు గాలి వీపున తోస్తుంది, చలే తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి చెమట పట్టిన ఒంటి మీదికి ఎదురుగా వస్తుంది. "ఈ రోడ్డు వేసినోడు మనని తలుచుకోలేదే," అని విసుక్కునేది అక్క. "ముందు ఎదురుగాలి ఉండాలి, తరవాత వీపుగాలి. ఇక్కడ తిరగబడింది." దానికి ఆవిడే ఒక ఉపాయం కనిపెట్టింది. గోదాముల వరస మొదట్లో ఒక గేటు దగ్గర కాపలా ఆయన ఉంటాడు, రాయచోటి వైపు మనిషి. సరుకు పేర్చే చెక్క ప్యాలెట్లు విరిగినవి రేకు డబ్బాలో వేసి మంట పెట్టుకుని కూర్చుంటాడు. ఒళ్ళు వేడెక్కాక స్వెట్టర్లు విప్పి అతని కుర్చీ వీపుకి తగిలించి వెళ్ళేవాళ్ళం. వచ్చేటప్పుడు తొడుక్కుని ఎదురుగాలిలోకి దిగేవాళ్ళం. ఒక్కోరోజు ఈలోపే ఎండెక్కి వేడి పుట్టేది. అప్పుడు స్వెట్టర్లు అక్కడే వదిలేసి వచ్చేవాళ్ళం. మళ్ళీ వెళ్ళినప్పుడు కుర్చీకే ఉండేవి, మంట పొగ వాసనతో.

మొదటిరోజు అతను లేచి నిలబడి కంగారుగా అడిగాడు. "ఏందక్కా ఇది, కుక్కలేమన్నా తరుముకుంటాండాయా?"

"లేదు తమ్ముడూ, నువ్వు తరుముతావేమోనని ముందే పరిగెత్తుతున్నాం," అంది అక్క.

అతను నవ్వి స్వెట్టర్లు అందుకున్నాడు. వాటికి కూలి ఏమీ లేదు. పండగలకి అక్క కేకు ముక్క, నేను సున్నుండలు.

రెండో చలికాలంలో గాలి తిరిగిన రోజు మాత్రం మరిచిపోలేను. రెండు రోజుల నుంచి దక్షిణపు గాలి, ఉక్క. పల్చటి నూలు బట్టలతో, స్వెట్టరు కూడా లేకుండా దిగాం. గోదాముల చివరికి చేరేసరికి గాలి పూర్తిగా పడిపోయింది. కాగితం ముక్క కూడా కదలడం లేదు. అక్క ఆగి ఉత్తరం వైపు చూసింది. ఆకాశం అడుగున మట్టిరంగు గోడ. "యల్లా, పద!" అని కేకేసింది. తిరిగేలోపే వచ్చి మీద పడింది. ముందు ఇసుక, ఆ వెనకే చలి, ఆ చలిలో నాలుగు వాన చినుకులు. చినుకు పడ్డచోటల్లా సూది గుచ్చినట్టు. ఊపిరి పీలిస్తే ఛాతీలో కోసినట్టుంది. గేటు దగ్గరికి వచ్చేసరికి నా వేళ్ళు నావి కావు. జేబులో ఇంటి తాళం ఉందో లేదో తడిమితే తెలియడం లేదు.

కాపలా ఆయన మంట దగ్గరికి పరిగెత్తి చేతులు దాదాపు మంటలోనే పెట్టబోయాను. అక్క రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

"మంటలో పెట్టకు! కాలినా తెలీదు నీకిప్పుడు. చంకల్లో పెట్టుకో."

చంకల్లో చేతులు పెట్టుకుని కోడిపిల్లలా ముడుచుకుని నిలబడ్డాను. ఆవిడ అక్కడే ప్యాలెట్ మీద కూర్చుని, బూట్లు విప్పి, తన ఉన్ని మేజోళ్ళు తీసి నా చేతులకి తొడిగింది.

కాపలా ఆయన మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. "కాళ్ళవి తీసి చేతులకా? బాగుండాది మీ సంసారం. ఇంగ చెప్పులు నెత్తిన పెట్టుకోని పోండి," అంటూ పాలు లేని సులేమానీ టీ రెండు గ్లాసుల్లో పోశాడు. ఆ టీ రుచి నాకు గుర్తులేదు. గ్లాసు వేడి మేజోటి గుండా మెల్లగా వేళ్ళలోకి దిగడం, ఆ నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరగడం గుర్తుంది. అక్క వట్టి పాదాలకి బూట్లు తొడుక్కుని ఇంటిదాకా ఎదురుగాలిలో నాకు ముందు పరిగెత్తింది, గాలి నాకు తగలకుండా.

ఇక బాకీ సంగతి.

మొదటి చలికాలంలోనే ఒక గడ్డ కట్టే ఉదయం నేను దుప్పటి వదలలేదు. అక్క వచ్చి తలుపు కొట్టి, నా ముఖం చూసి, "సరే, బాకీ," అని ఒక్కతే వెళ్ళిపోయింది. రెండు రోజులకి వాతావరణం హాయిగా ఉంది. రెట్టింపు దూరం పరిగెడతాను, బాకీ చెల్లగొట్టెయ్యండి అన్నాను.

"చెల్లదే. ఎండరోజు ఎవరైనా పరిగెడతారు. చలిరోజు బాకీ చలిరోజే తీరాలి. నువ్వొక్కదానివే వెళ్ళాలి. నేను దుప్పట్లో పడుకుని టీ తాగుతుంటా."

చలిరోజు అంటే ఏమిటన్నదానికీ ఆవిడ దగ్గర కొలత ఉంది. ఫోనులో కనిపించే అంకె పనికిరాదు. మా నీళ్ళ ట్యాంకులు మేడ మీద ఉంటాయి. ఎండాకాలం కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది, చలికాలం కొరుకుతుంది. పొద్దున లేవగానే ఆ కుళాయి నీళ్ళు పుక్కిలించాలి. పళ్ళు జివ్వుమంటే అది చలిరోజు. జివ్వుమనకపోతే కాదు. ఇద్దరం విడివిడిగా పుక్కిలించి, లిఫ్టు దగ్గర ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళం. అబద్ధమాడితే తెలిసిపోయేది.

మోకాలి నొప్పి వంకతో ఒకసారి మాఫీ అడిగాను. "మాఫీలు ఎలక్షన్లప్పుడే. ఇక్కడ కాదు," అంది. అదే చలికాలం ఆఖర్ని నాకు జ్వరం వచ్చింది. నా బాకీ ఒకటి మిగిలే ఉంది, చలిరోజులు అయిపోవస్తున్నాయి. ఒక పొద్దున అక్క చెమటలు కారుతూ వచ్చి నా మంచం పక్కన కుర్చీలో కూలబడింది. "నాదొకసారి, నీ బదులు ఒకసారి. రెండుసార్లు తిరిగొచ్చా. నీది చెల్లు," అంది. మా ఆయన నోరు తెరుచుకుని చూశాడు. "అలా కూడా చెల్లుతుందాండీ?" అని అడిగాను జ్వరంలోనే. "ఎందుకు చెల్లదే? మనిషి కదలలేనప్పుడు ఇంకో మనిషి కాళ్ళు ఉంటాయిగా."

నాలుగేళ్ళలో అక్క నాకు బాకీ పడింది ఒకే ఒక్కసారి. ఈ డిసెంబరు ఆఖర్ని. నా పళ్ళు దవడ దాకా జివ్వుమన్న రోజు. లిఫ్టు దగ్గర ఆవిడ లేదు. పైకి వెళ్ళి తలుపు కొడితే శాలువా కప్పుకుని వచ్చింది.

"ఇయాళ నా వల్ల కాదే. నైట్ డ్యూటీలు వరసగా పడ్డాయి, ఒళ్ళు బరువుగా ఉంది. నా ఖాతాలో రాసేసుకో."

నాకు సంబరమే సంబరం. "రాసుకున్నానండోయ్! మాఫీ లేదు," అన్నాను.

"మాఫీ ఎవరడిగేరే? నువ్వు దుప్పట్లో పడుకో, నేనే తీరుస్తా," అని నవ్వుతూ తలుపేసుకుంది.

నేనొక్కదాన్నే పరిగెత్తి వచ్చాను. గేటు దగ్గర కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు, స్వెట్టరు నడుముకే కట్టుకున్నాను. ఆ తరవాత వారమంతా వెచ్చగా గడిచింది, అక్కకి డ్యూటీలు తెగక కలిసి దిగనే లేదు. ఆ పై వారం పొయ్యి మీద పాలు పెట్టి ఉండగా ఫోను.

అక్క శవపెట్టె నరసాపురం వెళ్ళాక పై ఫ్లాట్‌లో ప్రార్థన పెట్టారు. నేను అందరికీ టీ పోస్తున్నాను. ఎదుటి బిల్డింగు ఆవిడ కప్పు అందుకుంటూ, "ఆ వయసులో ఆ చలిలో పరుగులేంటండీ అసలు? గుండె ఆగక ఏం చేస్తుంది?" అంది. ఇంకొకరు, "చెప్తే వినే మనిషా?" అన్నారు.

చిన్న నర్సు తలెత్తి, "అక్కకి బీపీ ఎప్పటి నుంచో ఉందండీ," అంది. "వాళ్ళమ్మగారూ ఇలాగే పోయేరు. ఈ పరుగే లేకపోతే ఇంకా ముందే పోయేదేమో. మీకూ తెలీదు, నాకూ తెలీదు. టీ తాగండి."

నిజమే, ఎవరికీ తెలియదు. కానీ పరుగుల వల్లే పోయిందన్న మాట మా ఆయన చెవిన కూడా పడింది. ఇంటికి రాగానే, "నువ్విక వెళ్ళొద్దు," అన్నాడు. గొంతులో కోపం లేదు, భయం ఉంది. క్లినిక్‌కి తీసుకెళ్ళి ఈసీజీ తీయించాడు. అంతా బాగుందని డాక్టరు చెప్పినా, "అయినా సరే," అన్నాడు.

"అక్క బాకీ ఒకటి ఉండిపోయిందండీ," అన్నాను.

"నీకు రావాల్సిందే కదా? వదిలెయ్. మాఫీ చేసెయ్."

"మాఫీ ఆవిడకి ఇష్టం ఉండదు. ఆవిడ బదులు నేను పరిగెడతాను."

ఇంకో సంగతి కూడా ఉంది. మా ఆయన పనిచేసే కంపెనీ దజీజ్‌లో స్టోరు ఎత్తేస్తోంది. ఈ ఫిబ్రవరితో ఆయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, అయిపోతుంది. నెలాఖరుకి టిక్కెట్లు. "ఇంక ఖలాస్," అని ఆయన డిసెంబరులోనే పెట్టెలు కొనుక్కొచ్చాడు. అంటే నాకు కువైట్‌లో ఇదే చివరి చలికాలం. మా కోనసీమలో కుళాయి నీళ్ళకి పళ్ళు జివ్వుమనవు. అక్క బాకీ ఇక్కడ, ఈ కొద్ది రోజుల్లో తీరాలి, లేకపోతే ఎప్పటికీ తీరదు.

ఇక చూడండి నా అవస్థ. జనవరిలో మిగిలిన రోజులన్నీ మబ్బు, దక్షిణపు గాలి. పొద్దున లేస్తూనే కుళాయి దగ్గరికి. పుక్కిలిస్తే చల్లగా ఉంటుంది, అంతే. ఒక రోజు సాయంత్రం గాలి మారింది. బూట్లు తలుపు దగ్గర పెట్టుకుని పడుకున్నాను. తెల్లారేసరికి మళ్ళీ ఉక్క, కిటికీ అద్దాలకి చెమట. ఒక రోజు మా ఆయనే ఫోను చూపించి, "తొమ్మిది డిగ్రీలుంది. వెళ్ళేదేదో వెళ్ళొచ్చెయ్యి, నీ తిరుగుడు చూడలేకపోతున్నాను," అన్నాడు. గబగబా వెళ్ళి పుక్కిలించాను. జివ్వుమనలేదు. ఇంకోసారి పుక్కిలించాను. లేదు. జివ్వుమందని అనేసుకుంటే అడిగేవాళ్ళెవరూ లేరు. నా ముఖం చూసి పట్టుకునే మనిషి కూడా ఇప్పుడు లేదు. అందుకే అబద్ధం ఆడలేకపోయాను. ఇంట్లో ఒక్కొక్క సామానూ పెట్టెల్లోకి వెళ్ళిపోతోంది. గిన్నెలు సర్దడానికి కూడా గిన్నెలు లేవు.

ఫిబ్రవరి రెండో వారం మొదట్లో వాన పడింది. ఆ మర్నాడు ఆకాశం కడిగినట్టయిపోయి ఉత్తరపు గాలి మొదలైంది. మంగళవారం తెల్లవారుజామున కుళాయి తిప్పి నోట్లో పోసుకున్నాను. పై వరస, కింద వరస, చిగుళ్ళు, నెత్తి దాకా జివ్వుమంది. నీళ్ళు ఉమ్మేసి, గోడ పట్టుకుని, ఏడుపో నవ్వో తెలియకుండా నిలబడ్డాను.

మా ఆయన లేచి కూర్చున్నాడు. "ఇవాళేనా?"

"ఇవాళే."

"కారులో వెనకాలే వస్తాను."

"ఒంటరిగా వెళ్ళాలండీ. అది రూలు."

ఆయన దుప్పటి కప్పుకుని బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు.

లిఫ్టు దగ్గర కళ్ళు మూసుకుని రెండు క్షణాలు ఆగాను. నాకు ఆవిడ ప్రార్థన మాటలు రావు. ఊరికే నిలబడ్డాను. బూట్ల తాళ్ళు రెండేసి ముళ్ళు వేశాను. వణుకుతూ బయటికి అడుగు పెట్టాను.

మేం ఎక్కువగా పరిగెత్తింది సెలవు శుక్రవారాల్లో. ఇది పనిరోజు కాబట్టి దారి మాకు తెలిసిన దారిలా లేదు. లారీలు, పొగ, గేట్ల దగ్గర కూలీలు మఫ్లర్లు చుట్టుకుని నిలబడి ఉన్నారు. వీపున గాలి తోస్తోంది. ఊపిరి ముందు పొగలా పోయి చీకట్లో కలుస్తోంది. మంట దూరం నుంచే కనిపించింది. కుర్చీలో రాయచోటి ఆయనే. నన్ను చూడగానే లేచి, కెటిల్ తీసి, రెండు గ్లాసుల్లో టీ పోసి, నా వెనక రోడ్డు వైపు తొంగి చూశాడు.

"ఇంగొగ అక్క యాడక్కా? వెనక వస్తాండాదా?"

దారి పొడుగునా నేను ఆలోచించనిది ఇదొక్కటే. ఇతనికి తెలియదు. చెప్పాల్సింది నేనే.

"లేరు తమ్ముడూ. పోయిన నెల చనిపోయారు. గుండెపోటు."

అతను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కాసేపు మంటలో చెక్క ఎగదోశాడు. "నేను సెలవు పెట్టి ఊరికి పోయుంటి. నాకెవురూ చెప్పల్య," అన్నాడు. మళ్ళీ, "ఈ సలిలో ఒక్కరే వచ్చినారే," అన్నాడు.

"ఆవిడ బాకీ ఒకటి ఉంది. తీర్చడానికి వచ్చాను."

"ఎంతక్కా?" అని జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"డబ్బు కాదయ్యా. ఒక పరుగు. చలిరోజున రాలేకపోయారు, ఆవిడ బదులు నేను."

అతనికి అర్థమైందో లేదో తెలియదు. తల ఊపాడు. "ఆయమ్మ బాకీ పెట్టుకునే మనిసి కాదులే," అని గదిలోకి వెళ్ళి ఒక కవరు తెచ్చాడు. అందులో అక్క మెరూన్ స్వెట్టరు, మడత పెట్టి ఉంది. "ఎండెక్కిందని ఆ పొద్దు ఈడనే ఇడిసిపెట్టి పాయ. నేను ఊరికి పోతా, ఎవురన్నా ఎత్తకపోతారని పెట్టెలో దాసినా. మళ్ళా వస్తే ఇద్దామని."

తరవాత తీసుకుంటాలే అని ఆవిడ చెయ్యి ఊపుతూ దాటిపోయిన పొద్దు గుర్తొచ్చింది. మేమిద్దరం కలిసి పరిగెత్తిన ఆఖరి పొద్దు అది. నా స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించి, గోదాముల చివరిదాకా వెళ్ళి గోడ ముట్టుకుని తిరిగి వచ్చాను. టీ చల్లారకుండా అతను గ్లాసులు మంట అంచున పెట్టి ఉంచాడు.

"ఆయమ్మది గూడా మీరే తాగండక్కా. ఎదురుగాలిలో పోవాల గదా."

రెండూ తాగాను. నా స్వెట్టరు మీద అక్క స్వెట్టరు వేసుకున్నాను. పొడుగు మనిషి కదా, చేతులు వేళ్ళు దాటి కిందికి వచ్చాయి. మేజోళ్ళ అవసరం లేకపోయింది. పొగ వాసన, ఆవిడ తలకి రాసుకునే నూనె వాసన. ఎదురుగాలి ముఖాన కొడుతోంది. ఈసారి ముందు పరిగెత్తి అడ్డు నిలిచేవాళ్ళు లేరు. తల దించుకుని పోయాను. సగం దారికి ఎండ వచ్చింది. ఒళ్ళు ఉడికిపోతోంది, చెమట కళ్ళల్లోకి కారుతోంది. ఆవిడ ఉంటే, విప్పవే పిచ్చిదానా అనేది. విప్పలేదు.

బాల్కనీలో మా ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. పైకి వెళ్ళేసరికి తలుపు తీసి, నా వైపు కాక స్వెట్టరు వైపు చూశాడు.

"మలుపు దగ్గర ఆ రంగు కనపడేసరికి ఒక్క క్షణం ఆవిడే వస్తోందనుకున్నాను," అన్నాడు. "నువ్వు వెనకాల ఉంటావని వెతికాను."

మధ్యాహ్నానికి గాలి పడిపోయి బాల్కనీలో కూర్చోలేనంత ఎండ కాసింది. స్వెట్టరు తీగ మీద ఉంది, చేతులు కిందికి వేలాడుతూ. సాయంత్రం దక్షిణపు గాలి లేచింది. ముందు ఒక చెయ్యి కదిలింది, తరవాత రెండోది, ఒకదాని తరవాత ఒకటి, తొందరేమీ లేనట్టు.

ఫిబ్రవరి పది, మంగళవారం. మిగిలిన పప్పుల డబ్బాలు పై ఫ్లాట్ పిల్లకి ఇచ్చేశాను. వంటింటి అలమర తుడిచాను. పెట్టెలు రెండు కట్టాను. బూట్లు కడిగి కాగితాలు కుక్కి ఆరబెట్టాను. మెరూన్ స్వెట్టరు చేత్తో ఉతికి ఆరేశాను. పైఇంటి అక్క బాకీ, చలిరోజు పరుగు ఒకటి: చెల్లు.